చెవి మిషనా, ఆపరేషనా, ఇంప్లాంటా: వినికిడి తగ్గినప్పుడు దేన్ని ఎంచుకోవాలి

మా బాపు సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు (మరమగ్గాలు) నడిపారు. ఆయనకు వినికిడి తగ్గిందని ఇంట్లోవాళ్లం గుర్తించేసరికి మా టీవీ శబ్దం పక్కింటి దాకా వెళ్తోంది. హనుమకొండలో ఒక దుకాణానికి తీసుకువెళ్లి, అక్కడ చూపించిన మూడు మిషన్లలో మధ్య ధరలో ఉన్నదాన్ని కొన్నాం. అది ఏడాదిన్నర పాటు బీరువాలో పట్టుచీరల పక్కన ఉండిపోయింది. పెట్టుకొమ్మని అడిగినప్పుడల్లా "దాంట్ల మాటకంటె గిన్నెల సప్పుడే ఎక్కువ ఇనవడ్తది బిడ్డా" అనేవారు. మేము దాన్ని మొండితనం అనుకున్నాం. తన చెవిలో జరుగుతున్నదాన్ని ఆయన ఉన్నదున్నట్టు చెప్పారని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆ దుకాణంలో పరీక్ష పది నిమిషాల్లో, ఫ్యాను తిరుగుతుండగా, తలుపు తెరిచి ఉన్న గదిలో ముగిసింది. పరీక్ష కాగితం మా చేతికి ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

"ఏ మిషను మంచిది?" అని అడిగే ప్రతి ఒక్కరికీ నేను ఇప్పుడు ముందుగా పరీక్ష కాగితం చూపించమంటాను. ఆ కాగితం, వినే మనిషి రోజు గడిచే తీరు, మిషనును సరిచేసేవారు ఉన్న దూరం, ఈ మూడూ తెలిశాక ఎంపిక చాలావరకు దానంతట అదే తేలుతుంది.

## ముందుగా తేల్చుకోవలసినవి

మొదటి సంగతి, లోపం చెవిలో ఏ భాగంలో ఉందన్నది. శబ్దం చెవి గొట్టం గుండా వెళ్లి కర్ణభేరిని కదిలిస్తుంది. ఆ కదలికను మధ్యచెవిలోని మూడు చిన్న ఎముకలు నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాకు చేరవేస్తాయి. అక్కడి సన్నని రోమకణాలు దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి నరం ద్వారా మెదడుకు పంపుతాయి. గులిమి గడ్డకట్టడం, కర్ణభేరికి రంధ్రం పడి చీము కారడం, పిల్లల్లో జలుబు తర్వాత మధ్యచెవిలో నీరు నిలవడం, మూడో ఎముక బిగుసుకుపోయే ఓటోస్క్లెరోసిస్ వంటివన్నీ శబ్దం నడిచే దారిలో వచ్చిన అడ్డంకులు. వీటిలో చాలావాటిని మందుతోనో ఆపరేషనుతోనో సరిచేయవచ్చు. రోమకణాలు గానీ నరం గానీ దెబ్బతింటే సంగతి వేరు. మనిషి చెవిలో ఆ కణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు కాబట్టి, బలం మాత్రలతోనో చెవిలో పోసే నూనెతోనో వాటిని తిరిగి తెచ్చుకోలేం. కొందరిలో ఈ రెండు లోపాలూ కలిసి ఉంటాయి.

రెండో సంగతి, లోపం ఎంత, ఏ శ్రుతిలో (కింది స్వరంలోనా, పై స్వరంలోనా) అన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన వర్గీకరణ ప్రకారం 20 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) లోపు శబ్దం వినబడితే సాధారణ వినికిడి. 20 నుంచి 35 లోపు స్వల్ప లోపం, 35 నుంచి 50 లోపు మధ్యస్థం, 50 నుంచి 65 లోపు కాస్త తీవ్రం, 65 నుంచి 80 లోపు తీవ్రం, 80 నుంచి 95 లోపు అతి తీవ్రం, ఆపైన పూర్తి చెవుడు. ఈ అంకెలు శాతాలు కావు. "40 అంటే నలభై శాతం పోయింది" అని చదువుకుని బెంబేలుపడేవారు, "నలభయ్యే కదా" అని ఊరుకునేవారు ఇద్దరూ పొరపడుతున్నారు.

మొత్తం అంకెకంటే శ్రుతుల వారీ తేడా తరచు ఎక్కువ సంగతులు చెబుతుంది. తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చులతో ముగుస్తాయి. అచ్చులకు బలం మంద్ర (కింది) శ్రుతిలో ఉంటుంది, స, శ, త, ప, క వంటి హల్లుల గుర్తులు పై శ్రుతుల్లో, చాలా బలహీనంగా ఉంటాయి. పై శ్రుతులు పోయినవారికి మాట్లాడుతున్నారన్న సంగతి తెలుస్తుంది, పాలు అన్నారో కాలు అన్నారో తాలు అన్నారో తెలియదు. మన పెద్దవాళ్లు "ఇనవడ్తది గని సమజ్ కాదు" అనేది దీన్నే. ఇంట్లో దీన్ని పరీక్షించుకోవచ్చు. నోరు కనబడకుండా వెనుక నిలబడి ఇలాంటి జంట మాటలను మామూలు గొంతుతో అని, తిరిగి చెప్పమనండి. తడబాటు ఎక్కువగా ఉంటే అసలు పరీక్షకు వెళ్లవలసిన సమయం వచ్చినట్టే.

మూడోది, లోపం ఎలా వచ్చిందన్నది. రెండు చెవులకూ ఏళ్ల తరబడి మెల్లగా తగ్గుతూ వస్తే వారం పది రోజులు ఆలోచించుకోవచ్చు. పొద్దున లేచేసరికి, లేదా రెండు మూడు రోజుల్లో, ఒక చెవి మూగబోయినట్టు అయితే అది అత్యవసరం. అలాంటి హఠాత్తు చెవుడుకు స్టెరాయిడ్ చికిత్స మొదటి రోజుల్లో మొదలైతేనే ఎక్కువ ఫలితం ఉంటుంది, రెండు వారాలు దాటితే ఆశ బాగా తగ్గుతుంది. జలుబు చేసిందనో గులిమి అడ్డుపడిందనో అనుకుంటూ ఆ రోజులను పోగొట్టుకోవద్దు. ఒక చెవికి మాత్రమే, పైగా హోరుతో, మెల్లగా తగ్గుతుంటే వినికిడి నరం మీద గడ్డ ఏమైనా ఉందేమో ఎంఆర్ఐతో చూడవలసి ఉంటుంది. ఈ పరిస్థితుల్లో దేనిలోనూ నేరుగా మిషను దుకాణానికి వెళ్లకూడదు.

నాలుగోది, మనిషి చేతులు, చూపు, దినచర్య. శనగ గింజంత బ్యాటరీని తిప్పి పెట్టడం పొలం పని చేసిన మొద్దు వేళ్లకు, శుక్లాలున్న కళ్లకు ఎంత కష్టమో కొనే పిల్లలకు తట్టదు.

ఐదోది, సరిచేసే చోటు ఎంత దూరం అన్నది. కొత్త మిషనుకు మొదటి మూడు నెలల్లో కనీసం మూడు నాలుగు సార్లు సర్దుబాటు అవసరమవుతుంది. వరంగల్‌లో ఉన్నవారికి అది ఒక సాయంత్రం పని. ఏటూరునాగారం నుంచి వచ్చేవారికి ఒక రోజు కూలీ, తోడు వచ్చేవారి కూలీ, దాదాపు వంద కిలోమీటర్ల బస్సు ప్రయాణం. నా లెక్కలో ఈ ఐదో ప్రమాణమే అందరూ ఎక్కువగా వదిలేసేది, మిషన్లు బీరువాల్లో పడి ఉండడానికి పెద్ద కారణమూ అదే.

## కారణం తెలిస్తే దారి మారుతుంది

మన ప్రాంతంలో శబ్దం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సాంచాల షెడ్డు, రైస్ మిల్లు, పత్తి జిన్నింగ్ మిల్లు, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు, బొగ్గు గనుల్లో డ్రిల్లింగ్ పని, రోజంతా ట్రాక్టరు మీద కూర్చునే పని, ఇవన్నీ చెవిని అరగదీస్తాయి. 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండవచ్చనుకుంటే, శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఉండదగిన సమయం సగమవుతుంది. ఆ లెక్కన 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట మాత్రమే. మన ఫ్యాక్టరీ నిబంధనలు 8 గంటలకు 90 డెసిబెల్స్ వరకు అనుమతిస్తాయి కాబట్టి, నిబంధన పాటించిన చోట కూడా చెవి క్షేమమని అనుకోవడానికి లేదు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తుంటే ఆ చోటు ప్రమాదకరమైనదే. పెళ్లి బరాత్‌లో, గణేశ్ నిమజ్జనంలో డీజే బాక్సుల పక్కన నడిచే పిల్లలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. శబ్దం వల్ల వచ్చే లోపం ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష కాగితంలో, 4000 హెర్ట్జ్ అనే పై శ్రుతి దగ్గర గుంటలా కనబడుతుంది, వయసు వల్ల వచ్చేది పై శ్రుతుల వైపు ఏటవాలుగా దిగుతుంది. మా బాపు కాగితంలో ఈ రెండూ కలిసే ఉన్నాయి.

పని మానలేనివారు రక్షణ ఎంచుకోవాలి. దూది దాదాపు ఏమీ ఆపదు. ఫోమ్ ప్లగ్గులు చవక, ఉక్కపోతలో సౌకర్యం కూడా. వాటిని వేళ్ల మధ్య సన్నగా నలిపి, మరో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా పట్టుకుంటేనే పని చేస్తాయి. ఇయర్ మఫ్‌లు పెట్టుకోవడం తేలిక, తీసి పెట్టుకోవలసిన పనికి అవే మేలు, కానీ మే నెలలో షెడ్డు కింద చెమటకు ఎక్కువసేపు ఉంచుకోలేరు.

మందుల సంగతి కూడా తెలిసి ఉండాలి. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్ లోపలి చెవిని దెబ్బతీయగలవు. ప్రాణం కాపాడడానికి అవి తప్పనప్పుడు మానమని ఎవరూ చెప్పరు. మధ్యమధ్య వినికిడి పరీక్ష చేయించమని మాత్రం మీరు అడగవచ్చు. గవదబిళ్లలు ఒక చెవిని పూర్తిగా పోగొట్టగలవు. మెదడు పొరల వాపు (మెనింజైటిస్), తట్టు, పుట్టిన వెంటనే వచ్చే తీవ్రమైన పచ్చకామెర్లు, నెలలు నిండని కాన్పు, గర్భంలో తల్లికి వచ్చే రుబెల్లా పిల్లల చెవుడుకు కారణమవుతాయి. మేనరికపు పెళ్లిళ్లలో జన్యుపరమైన చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ ఇళ్లలో పుట్టిన బిడ్డకు అనుమానం వచ్చేదాకా ఆగకుండా పరీక్ష చేయించాలి.

ఇక, ఎల్లిగడ్డ వేసి కాచిన నూనె చెవిలో పోయడం, అగ్గిపుల్లతోనో పిన్నీసుతోనో గులిమి తీయడం. కర్ణభేరికి రంధ్రం ఉన్న చెవిలో నూనె పోస్తే చీము పెరుగుతుంది. బడ్స్‌తో గులిమి బయటికి రావడం కంటే లోపలికి దిగడమే ఎక్కువ.

## ఏ పరీక్ష, ఎక్కడ

ఈఎన్‌టీ డాక్టరు చెవిలోకి చూసి, ట్యూనింగ్ ఫోర్క్‌తో చేసే పరీక్ష రెండు నిమిషాల్లో లోపం దారిలో ఉందా లోపల ఉందా అని చాలావరకు చెప్పేస్తుంది. ఎంత లోపమో చెప్పేది ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ. శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి, 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు ఒక్కో శ్రుతిలో ఎంత సన్నని శబ్దం వినబడుతుందో కొలుస్తారు. హెడ్‌ఫోన్‌తో ఒకసారి, చెవి వెనుక ఎముక మీద పెట్టే కంపన పరికరంతో మరోసారి చేయాలి. ఈ రెండు గీతల మధ్య ఎడం ఉంటే లోపం దారిలో ఉన్నట్టు, రెండూ కలిసి కిందికి దిగితే లోపలి చెవిలో ఉన్నట్టు. కాగితం మీద కుడి చెవి ఎర్రని సున్నాలు, ఎడమ చెవి నీలం ఇంటూ గుర్తులు. కర్ణభేరి వెనుక నీరు ఉందేమో చూడడానికి టింపనోమెట్రీ, మాటలు ఎంతవరకు అర్థమవుతున్నాయో చూడడానికి తెలుగు మాటలతో చేసే స్పీచ్ పరీక్ష ఉన్నాయి. మిషను వల్ల ఎంత మేలు జరుగుతుందో ముందుగా ఊహించడానికి ఈ స్పీచ్ పరీక్షే ఎక్కువ పనికొస్తుంది. అందరూ దాటవేసేదీ దాన్నే.

చెప్పలేని పసిపిల్లలకు రెండు పరీక్షలున్నాయి. ఓఏఈ కొద్ది నిమిషాల్లో రోమకణాల స్పందన చూస్తుంది, బెరా నిద్రపోతున్న బిడ్డ తలకు ఎలక్ట్రోడ్లు అతికించి నరం నుంచి మెదడు దాకా సంకేతం చేరుతున్నదో లేదో కొలుస్తుంది. పుట్టగానే ఐసీయూలో ఉన్న బిడ్డకు ఓఏఈ ఒక్కటే చాలదు. రోమకణాలు బాగుండి నరం పని చేయని పిల్లలు అందులో ఉత్తీర్ణులైపోతారు కాబట్టి బెరా కూడా చేయించాలి.

ఈ పరీక్షలకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగం మొదలు ప్రైవేటు ఆసుపత్రులు, మిషను దుకాణాలు, ఉచిత శిబిరాలు అనేక చోట్లు ఉన్నాయి. పిల్లలకూ చిక్కు కేసులకూ హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. శిబిరం అనుమానాన్ని తేల్చడానికి బాగుంటుంది, ఎంపికకు అది ఆధారం కాకూడదు. దుకాణంలో చేసే పరీక్ష తప్పనిసరిగా చెడ్డదని నేను అనను. ఎక్కడైనా నాలుగు అడగండి: గది నిశ్శబ్దంగా ఉందా, ఎముక మీద కూడా పరీక్షించారా, ఒక చెవి బలహీనంగా ఉంటే మంచి చెవిలో హోరు వినిపించి దాన్ని పక్కకు పెట్టారా, కాగితం చేతికి ఇస్తారా. పరీక్షించే ఆడియాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉండాలి. అది అడగడం అమర్యాద కాదు.

## దారులను పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ఎవరికి | బలం | ఇబ్బంది |
|---|---|---|---|
| మందు, ఆపరేషను | గులిమి, చీము, రంధ్రం, నీరు, బిగుసుకున్న ఎముక | లోపాన్నే సరిచేసే అవకాశం | లోపలి చెవి లోపానికి పనికిరాదు |
| ఆన్‌లైన్ యాంప్లిఫైయర్ | దాదాపు ఎవరికీ కాదు | చవక | అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతుంది |
| పాకెట్ మిషను | తీవ్ర లోపం, వణికే చేతులు, తక్కువ డబ్బు | పెద్ద మీటలు, ఊర్లో దొరికే పెన్సిల్ సెల్ | వైరు, బట్టల రాపిడి శబ్దం |
| చెవి వెనుక మిషను | స్వల్పం నుంచి అతి తీవ్రం వరకు, పిల్లలు | గట్టిది, బలమైనది, సరిచేయడం తేలిక | కనబడుతుంది |
| స్పీకరు చెవిలో ఉండే సన్న మిషను | పై శ్రుతుల లోపం | సహజమైన శబ్దం | చెమటకు, గులిమికి స్పీకరు పాడవుతుంది |
| చెవిలోపలి మిషను | స్వల్పం, మధ్యస్థం | కనబడదు | చిన్న బ్యాటరీ, పట్టుకోవడం కష్టం, చీము చెవికి కుదరదు |
| ఎముక ద్వారా వినిపించే పరికరం | చెవి గొట్టం లేనివారు, ఎప్పుడూ చీము కారేవారు | గొట్టాన్ని మూయదు | ఖరీదు, కొన్నింటికి ఆపరేషను |
| కాక్లియర్ ఇంప్లాంటు | మిషనుతో మాట అర్థం కాని తీవ్ర లోపం | నరానికి నేరుగా సంకేతం | ఆపరేషను, ఏళ్ల శిక్షణ, జీవితాంతం నిర్వహణ ఖర్చు |

ఆపరేషను విషయంలో నా మాట సూటిగా చెబుతాను. లోపం దారిలో ఉన్నవారు ముందుగా ఈఎన్‌టీ డాక్టరు మాట వినాలి. కర్ణభేరి రంధ్రాన్ని పూడ్చే టింపనోప్లాస్టీ, పిల్లల మధ్యచెవి నీటికి గ్రోమెట్ (కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టం), బిగుసుకున్న ఎముకకు స్టెపిడాటమీ బాగా స్థిరపడిన చికిత్సలు. ఓటోస్క్లెరోసిస్ ఉన్నవారికి మాత్రం మిషను కూడా బాగా పనిచేస్తుంది. ఆపరేషనులో అరుదుగానైనా ఆ చెవి పూర్తిగా పోయే ప్రమాదం ఉంది కాబట్టి, రెండో చెవి ఇప్పటికే బలహీనంగా ఉన్నవారు మిషనునే ఎంచుకోవడం తెలివైన పని. దుర్వాసనతో చీము కారుతూ ఎముకను తినేసే కొలెస్టియటోమా ఉంటే అలాంటి ఎంపికే లేదు. అది మెదడు దాకా పాకగలదు కాబట్టి ఆపరేషను చేయించవలసిందే.

ఆన్‌లైన్‌లో వెయ్యి రెండు వేలకు దొరికే యాంప్లిఫైయర్‌ను పిల్లలు ప్రేమతోనే పంపిస్తారు. లోపలి చెవి దెబ్బతిన్నవారికి సన్నని శబ్దం వినబడదు, గట్టి శబ్దం మాత్రం మామూలు వారికి వినబడినంత గట్టిగానే తగులుతుంది. మెల్లగా అంటే "ఆఁ?" అనే మనిషే, కాస్త పెంచితే "గట్టిగ ఒర్రకు" అనడం ఇందుకే. మంచి డిజిటల్ మిషను సన్నని శబ్దాన్ని ఎక్కువగా, గట్టి శబ్దాన్ని తక్కువగా పెంచుతుంది, ఒక హద్దు దాటనివ్వదు. యాంప్లిఫైయర్‌కు ఆ వివేచన ఉండదు.

పాకెట్ మిషనును పాతకాలపుదని తీసిపారేయవద్దు. ఊర్లో ఒంటరిగా ఉండే ఎనభై ఏళ్ల అవ్వకు, కిరాణా కొట్లో సెల్ కొని, బొటనవేలితో చక్రం తిప్పుకోగలిగే పరికరం, ఆమె వాడలేని లక్ష రూపాయల మిషనుకంటే విలువైనది.

నలుగురిలో ముగ్గురికి నేను చెవి వెనుక మిషనునే సూచిస్తాను. బలం సరిపోతుంది, బ్యాటరీ పెద్దది, చెవి అచ్చు (చెవి కొలతకు చేసి లోపల కూర్చోబెట్టే భాగం) మార్చుకుంటే పెరిగే పిల్లలకూ సరిపోతుంది. బాపు విషయంలో చివరికి పనిచేసింది కూడా అదే, అదీ బీరువాలో ఉన్న పాత మిషనే. రెండోసారి సరైన పరీక్ష చేసిన ఆడియాలజిస్టు, ఆయనకు మంద్ర శ్రుతులు దాదాపు బాగానే ఉన్నాయనీ, పూర్తిగా మూసే అచ్చు వల్ల గిన్నెల శబ్దం, సొంత గొంతు లోపలే గింగురుమంటున్నాయనీ కాగితం చూపించి చెప్పారు. మందపాటి గొట్టం తీసి సన్నని గొట్టం, రంధ్రాలున్న రబ్బరు డోమ్ పెట్టి, కంప్యూటరుకు కలిపి పై శ్రుతులను మాత్రమే పెంచారు. బాపు ఆ కుర్చీలోనే కూర్చుని, గోడ గడియారం వైపు తిరిగి, "గిది నడుస్తున్నదా ఇన్ని దినాలు?" అని అడిగారు.

స్పీకరు చెవిలో ఉండే సన్న మిషను శబ్దం ఇంకా సహజంగా ఉంటుంది, ఫోనుకు బ్లూటూత్‌తో కలుస్తుంది. ఆఫీసు పని, సమావేశాలు ఉన్నవారికి బాగుంటుంది. పొలంలో, బట్టీ దగ్గర, వంటశాలలో పనిచేసేవారికి చెమట వల్ల స్పీకరు తరచు పాడవుతుంది. పూర్తిగా లోపలికి వెళ్లే మిషను సిగ్గు కోసం కొనేది. ఆ సిగ్గును నేను తక్కువ చేయను. పెళ్లి సంబంధాలు చూస్తున్న అమ్మాయి తల్లిదండ్రులు ఎందుకు అది అడుగుతారో నాకు తెలుసు. అయితే వినబడక మాటకు మాట తప్పుగా చెప్పడం మిషనుకంటే ఎక్కువగా బయటపడుతుంది.

కాక్లియర్ ఇంప్లాంటు వేరే లోకం. పాడైన రోమకణాలను దాటవేసి, కాక్లియాలో పెట్టిన ఎలక్ట్రోడ్ల ద్వారా నరానికి నేరుగా సంకేతం పంపుతుంది. ఆపరేషను అయిన కొన్ని వారాలకు యంత్రాన్ని ఆన్ చేస్తారు, ఆ రోజు బిడ్డకు వినబడేది మాట కాదు, కొత్త శబ్దాల గోల. దాన్ని మాటగా మలచేది తర్వాతి ఒకటి రెండేళ్ల శిక్షణ, అంటే తల్లి రోజూ కూర్చుని చేసే పని. బయటి ప్రాసెసరు, వైర్లు, బ్యాటరీల ఖర్చు జీవితాంతం ఉంటుంది. ఆపరేషను ఉచితంగా అయ్యాక వైరు తెగి, కొనలేక ఊరుకున్న కుటుంబాలు ఉంటాయి, కాబట్టి ఒప్పుకునే ముందే విడిభాగాల ధరల పట్టిక అడిగి తీసుకోండి.

## మీ ఇంటి పరిస్థితిని బట్టి

బిడ్డ విషయంలో ఎంపిక కంటే తొందర ముఖ్యం. మొదటి నెలలో స్క్రీనింగ్, మూడో నెలలో నిర్ధారణ, ఆరో నెలలోపు మిషను మొదలుకావడం ప్రపంచమంతా పాటించే లెక్క. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి కేంద్రాలకు పంపించే ఏర్పాటు ఉంది, మీ అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడగండి. "మగపిల్లలకు మాటలు ఆలస్యం" అంటూ మూడేళ్లు గడిపితే, మాట నేర్చుకునేందుకు మెదడు అన్నిటికంటే సిద్ధంగా ఉన్న కాలం చేజారుతుంది. ముందు రెండు చెవులకూ చెవి వెనుక మిషన్లు, వాటితో కొన్ని నెలలైనా ఫలితం లేకపోతే ఇంప్లాంటు, ఇదే క్రమం. పుట్టుకతో చెవుడు ఉండి, ఏడెనిమిదేళ్లు దాటే వరకు ఏ సాయమూ అందని పిల్లలకు ఇంప్లాంటుతో స్పష్టమైన మాట వస్తుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి. ఆ పిల్లలకు భారతీయ సంజ్ఞా భాష పూర్తి స్థాయి భాష, చదువుకు దారి. మాట వస్తుందేమోనని ఎదురుచూస్తూ ఏ భాషా లేకుండా పెంచడమే అసలు అన్యాయం.

పెద్దవారికి, ఒక చెవికి ఖరీదైన మిషను కంటే రెండు చెవులకూ మామూలు డిజిటల్ మిషన్లు మేలు. నలుగురి మధ్య మాట ఎటునుంచి వచ్చిందో తెలియాలంటే రెండు చెవులు కావాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే, మాట ఎక్కువగా అర్థమయ్యే చెవికి పెట్టించండి, పూర్తిగా పోయిన చెవికి కాదు. వినికిడి లోపాన్ని వదిలేయడం మతిమరుపు వ్యాధులకు దారితీసే, మనం మార్చుకోగలిగిన కారణాల్లో ప్రధానమైనదని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ 2017 నుంచి చెబుతూ వస్తోంది. "ఈ వయసుల ఎందుకు" అనే మాటకు నా జవాబు అదే.

ఇంకా పనిలో ఉన్న సాంచాల కార్మికులు, మిల్లు కార్మికులు షెడ్డులో మిషను పెట్టుకోకూడదు. అక్కడ ప్లగ్గులు, ఇంటికి వచ్చాక మిషను.

## డబ్బు, కార్డులు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాట శ్రుతుల్లో 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి తగ్గినవారు, 70 ఆపైన చెవిటివారు. ఈ కొలతతో యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) వస్తుంది, 40 శాతం వైకల్యం ఉంటే రిజర్వేషన్ల వంటి సదుపాయాలు వర్తిస్తాయి. మధ్యస్థ లోపం ఉన్న చాలామంది ఈ గీతకు ఇవతలే ఉండిపోతారు. వారికి కార్డు రాకపోయినా మిషను అవసరం లేదని దాని అర్థం కాదు.

దివ్యాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద ఆదాయ పరిమితికి లోబడి ఉచిత మిషన్లు, అర్హులైన పిల్లలకు ఇంప్లాంటు సాయం అందుతాయి. అరవై దాటిన పేదలకు 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2023 డిసెంబరులో చికిత్స పరిమితి పది లక్షల రూపాయలకు పెరిగిన తెలంగాణ ఆరోగ్యశ్రీలోనూ పిల్లల ఇంప్లాంటుకు చోటుంది. వయసు నిబంధనలు ఉన్నందున ముందే కనుక్కోండి. ఉచిత మిషను తీసుకున్నా, దాన్ని మీ ఆడియోగ్రామ్ ప్రకారం సర్దించుకోవడానికి కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి. సొంతంగా కొనేవారు మిషను ధర ఒక్కటే చూడకుండా ఐదేళ్ల బ్యాటరీలు, అచ్చులు, మరమ్మతులు, బస్సు ఛార్జీలు కూడి చూడండి. కొన్ని రోజులు ఇంట్లో వాడి చూసే అవకాశం ఇవ్వని చోట కొనవద్దు.

## తెచ్చిన తర్వాత

మొదటి వారం ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, రోజుకు గంట రెండు గంటలు. తర్వాత ఇద్దరి మధ్య, ఆ తర్వాత అంగడికి, చివరగా పెళ్లి విందుకు. ఏళ్ల తరబడి వినని శబ్దాలకు మెదడు అలవాటు పడడానికి నెలలు పడుతుంది. ఈల లాంటి శబ్దం వస్తే అచ్చు వదులైనట్టు లేదా చెవిలో గులిమి ఉన్నట్టు. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ వేసిన మూత బిగువైన డబ్బాలో పెట్టాలి, వానాకాలంలో ఇది ఒక్క రోజూ తప్పకూడదు. అచ్చును వారానికోసారి గోరువెచ్చని నీళ్లతో కడగవచ్చు, మిషనుకు మాత్రం తడి తగలనీయవద్దు. ఇంట్లోవాళ్లు వంటింట్లోంచి కేకేయడం మాని, ఎదురుగా వచ్చి, ముఖం మీద వెలుగు పడేలా నిలబడి, కాస్త నెమ్మదిగా మాట్లాడాలి. ఏడాదికోసారి పరీక్ష చేయించి, కొత్త ఆడియోగ్రామ్‌ను పాతదాని వెనుక తేదీ వేసి అదే ఫైలులో పెట్టండి. సర్దుబాటుకు వెళ్లిన ప్రతిసారీ ఆ ఫైలు మీ చేతిలో ఉండాలి.